ఆ కొమ్మ కొట్టెయ్యాలా?

మా డాబా మీద ఒక రావి ఉంది. దాన్ని మొక్క అనాలో చెట్టు అనాలో నాకిప్పటికీ తెలియదు. వయసు పదేళ్ళ పైమాటే, ఎత్తు మాత్రం నా మోచెయ్యి అంత. తెనాలిలో మా పుట్టింటి పిట్టగోడ పగుల్లోంచి మొలిచింది. రావి మొలకని పీకితే పాపమని అమ్మ దాన్నెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అమ్మ పోయి, ఇల్లు అమ్మేసి, తాళాలు అప్పగించే రోజున మా తమ్ముడు గోడ పెచ్చు ఊడగొట్టి, దాన్ని వేళ్ళతో సహా తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదైనా ఉంచుకో అక్కా" అన్నాడు.

హైదరాబాద్ తెచ్చి మామూలు కుండీలోనే పెంచాను. పోయినేడు చిన్నది కూడా హాస్టల్‌కి వెళ్ళిపోయాక, ఇంట్లో ఖాళీ భరించలేక రెండు రోజుల బోన్సాయ్ క్లాసులో చేరి దీన్ని తీసుకెళ్ళాను. నేర్పించే ఆయన కుండీని ఒక చుట్టు తిప్పి చూశారు. "కాండం భలే ఉందమ్మా. ఈ కింది కొమ్మ మాత్రం వంపుకి లోపలివైపు వచ్చింది. కొమ్మ ఎప్పుడూ వంపు బయటివైపే ఉండాలి. ఇది కొట్టెయ్యండి" అని కత్తెర చేతికిచ్చారు.

ఆ చెట్టుకి ఉన్నవన్నీ హైదరాబాద్‌లో వేసిన కొమ్మలే. గోడలోంచి వచ్చేటప్పుడు ఉన్నది ఆ ఒక్క కొమ్మే. "ఇంటికెళ్ళి కొడతానండీ" అని చెప్పి, కొట్టకుండా తెచ్చేసుకున్నాను.

ఆ రాత్రి నుంచి నాకో పురుగు పట్టింది. ఈ రూళ్ళు పెట్టిందెవరు? చెట్టుకి ముందూ వెనకా ఏమిటి? ఎవరి చెట్టుని వాళ్ళ మనసుకి నచ్చినట్టు పెంచుకుంటే తప్పేమిటి? మధ్యాహ్నం పూట పడుకోవడం మానేసి దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ గొడవ నాతో మొదలవలేదు. ఏడువందల ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

పళ్ళెంలో చెట్టు పెంచే విద్య పుట్టింది చైనాలో. షియాన్ దగ్గర టాంగ్ వంశపు రాకుమారుడు ఝాంగ్‌హ్వాయ్‌ది ఒక సమాధి ఉంది, 706లో కట్టినది. దాని గోడ మీది బొమ్మల్లో పరిచారకులు చిన్న రాళ్ళూ మొక్కలూ ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటారు. అక్కణ్ణించి అది జపాన్ చేరింది. 1309 నాటి ఒక జపాన్ బొమ్మల చుట్టలో కూడా ఇలాంటి చెట్లు కనిపిస్తాయి. బోన్సాయ్ అంటే పళ్ళెంలో నాటినది అని, అంతే అర్థం. మనం వినగానే ఏదో గొప్ప వేదాంతం అనుకుంటాం కానీ.

నేను చెట్టు తెచ్చి రాగి తీగ చుడుతుంటే మా అత్తగారు చూసి, "పిల్లలున్న ఇంట్లో చెట్టుని ఎదగనివ్వకుండా నొక్కిపెట్టడం ఏమిటమ్మాయ్!" అన్నారు. వాస్తు చెప్పేవాళ్ళూ ఇదే మాట అంటారు కదా. నాకు కొంచెం కోపం వచ్చింది. కానీ 1330 ప్రాంతంలో యొషిదా కెంకో అనే జపాన్ సన్యాసి రాసిన 'త్సురెజురెగుసా' అనే పుస్తకంలో అచ్చం ఇలాంటి సంగతే ఉంది. హినో సుకెతొమో అనే ఆస్థానాధికారి ఒకరోజు వానకి గుడి గుమ్మం కింద తలదాచుకున్నాడట. అక్కడ చేతులూ కాళ్ళూ వంకర తిరిగిన బిచ్చగాళ్ళు ఉన్నారు. మొదట వింతగా చూశాడు. కాసేపటికి చూడలేకపోయాడు. ఇంటికెళ్ళాక, తను ముచ్చటపడి పెంచుకుంటున్న వంకర టింకర కుండీ చెట్లు కూడా అలాగే కనిపించాయి. వాటిని తీయించి పారేయించాడు. (ఆ మనుషుల్ని చూసి చెట్లు పారేయడమేమిటో! వాళ్ళకో ముద్ద పెట్టాడో లేదో పుస్తకం చెప్పదు.) మా అత్తగారికి ఈ కథ చెప్తే, "చూశావా, నేనన్నది అదే" అన్నారు.

అదే జపాన్‌లో దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. అది నన్ను బాగా పట్టుకుంది. 'హచి నో కి' అనే నో నాటకం, అంటే కుండీలో చెట్లు అని. సానో అనే సమురాయ్ ఆస్తులన్నీ బంధువులు లాగేసుకుంటే భార్యతో ఒక గుడిసెలో బతుకుతుంటాడు. మంచు కురిసే రాత్రి ఒక సన్యాసి వచ్చి ఆశ్రయం అడుగుతాడు. పెట్టడానికేమీ లేదని సానో సిగ్గుపడి పంపించేస్తాడు. మంచులో పోతున్న మనిషిని వెనక్కి పిలవమని చెప్పేది భార్య. ఇంట్లో ఉన్నవి కొర్రలు. అవే వండి పెడతారు. చలి ఎక్కువవుతుంది, పొయ్యిలోకి కట్టెల్లేవు. మంచి రోజుల్లో సానోకి కుండీ చెట్లు బోలెడు ఉండేవి. అన్నీ పోయి మూడే మిగిలాయి: ప్లమ్, చెర్రీ, దేవదారు. ఆ మూడూ నరికి పొయ్యిలో పెట్టేస్తాడు.

ఆ సన్యాసి నిజానికి మారువేషంలో తిరుగుతున్న హోజో తొకియోరి, దేశాన్ని నడిపించే పెద్ద. తర్వాత సైన్యాన్ని రమ్మని కబురొస్తే, సానో తుప్పు పట్టిన కవచంతో బక్క గుర్రం మీద వెళ్తాడు. తొకియోరి గుర్తుపట్టి అతని భూములు అతనికి ఇప్పించి, మూడు చెట్లకి బదులు ఆ మూడు చెట్ల పేర్లున్న మూడు ఊళ్ళు రాసిస్తాడు. తొకియోరి చరిత్రలో ఉన్న మనిషే, 1263లో పోయాడు. కథ మాత్రం నాటకం కట్టినవాళ్ళదే అయుండొచ్చు. అయినా బోన్సాయ్ అంటే ప్రాణమిచ్చే దేశం, ఆ చెట్లని కాల్చేసిన మనిషి కథని ఇన్ని వందల ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చిందంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. వెనక్కి పిలవమన్న ఆ భార్యకి ఏ ఊరూ రాయలేదు, అది వేరే సంగతి.

ఇక రూళ్ళ సంగతి. కాండం ఐదు రకాలుగా నిలబడొచ్చు: నిటారుగా, వంపులు తిరిగి, ఒక పక్కకి వాలి, కుండీ అంచు దాకా వంగి, కుండీ కిందికి జారి. మొదటి కొమ్మ ఎత్తులో మూడో వంతు దగ్గర రావాలి. ఏ కొమ్మా చూసేవాళ్ళ కళ్ళలోకి పొడుచుకు రాకూడదు. ఒకే చోట ఎదురెదురుగా రెండు కొమ్మలు ఉండకూడదు. చెట్టు కొన చూసేవాళ్ళకి నమస్కారం పెడుతున్నట్టు కొంచెం ముందుకి వంగాలి. కుండీ లోతు ఇంచుమించు కాండం మందమంత. ఎక్కువ చెట్లు కలిపి తోపులా నాటితే బేసి సంఖ్యలోనే నాటాలి. నాలుగు అసలు పనికిరాదు, జపాన్ భాషలో ఆ అంకె పలికితే చావు అన్నట్టు వినిపిస్తుంది.

ఇవన్నీ అనాదిగా శాస్త్రంలో ఉన్నాయనుకున్నాను నేను. కాదు! పూర్వం జపాన్‌లో బోన్సాయ్ నేర్చుకోవడమంటే గురువుగారి తోటలో ఐదారేళ్ళు చాకిరీ చెయ్యడమే. నీళ్ళు పోస్తూ, కుండీలు మోస్తూ, ఆయన చెయ్యి చూసి నేర్చుకోవాలి. మనం వంట నేర్చుకున్నట్టే, "ఎంత ఉప్పు?" అంటే "తగినంత". ఐదు శైలుల పాఠాన్ని కాగితం మీద పెట్టి ప్రపంచానికి అందించినవాళ్ళలో ముఖ్యుడు యూజి యోషిమురా. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక టోక్యో నిండా విదేశీయులు. వాళ్ళకి జపాన్ భాష రాదు, ఏడాదో రెండేళ్ళో ఉండి వెళ్ళిపోతారు. 1952లో యోషిమురా వాళ్ళ కోసం క్లాసులు మొదలుపెట్టాడు. ఆ పాఠాలే 1957లో పుస్తకమయ్యాయి. ఆయనతో కలిసి ఆ పుస్తకం రాసింది జొవానా హాల్ఫర్డ్, ఒక బ్రిటిష్ దౌత్యవేత్త భార్య. భర్త ఉద్యోగం కోసం దేశంకాని దేశం వెళ్ళిన ఇల్లాలు, అన్నమాట. ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకునే ప్రపంచంలో ఎంతోమంది కత్తెర పట్టారు.

అది చదివాక రూళ్ళ మీద నా కోపం సగం తగ్గింది. చుక్కల ముగ్గు లాంటివి అవి. పక్కన కూర్చుని చెయ్యి పట్టి దిద్దించే అమ్మ లేనివాళ్ళకి చుక్కలు కావాలి. చెయ్యి తిరిగినవాళ్ళు చుక్కలు లేకుండానే లాగుతారు. అలా లాగిన శైలి కూడా ఒకటుంది, 'బుంజిన్' అంటారు. చైనా పండితులు సరదాకి వేసుకున్న బొమ్మల్లోంచి వచ్చింది. సన్నటి కాండం, ఎక్కడో పైన నాలుగు ఆకులు, మూడో వంతూ లేదు గీడో వంతూ లేదు. తమాషా ఏమిటంటే, దానికి కూడా ఒక పేరు పెట్టి శైలుల జాబితాలో కలిపేశారు.

రూళ్ళు గట్టిపడటానికి ఇంకో కారణం ప్రదర్శనలు. 1923లో టోక్యోలో మహా భూకంపం వచ్చి ఊరు కాలిపోయింది. చెట్లు పెంచేవాళ్ళు కొందరు మంచి మట్టీ నీళ్ళూ వెతుక్కుంటూ 1925లో ఒమియా అనే చోటికి చేరి ఒక బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఉండాలంటే కట్టుబాట్లు ఉండేవి: ఇంటికి కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలి, గోడ కాకుండా మొక్కల కంచె ఉండాలి, మేడ కట్టకూడదు, ఎవరొచ్చినా తలుపు తెరిచి ఉండాలి. చెట్టు మీద పెట్టిన రూళ్ళ కంటే మనుషులు తమ మీద పెట్టుకున్న ఈ రూళ్ళే నాకు నచ్చాయి. 1934లో టోక్యోలో కొకుఫు ప్రదర్శన మొదలైంది, ఇప్పటికీ జరుగుతోంది. పక్కపక్కన పెట్టి ఇది మేలు, అది మేలు అని ఎంచడం మొదలయ్యాక ఎంచడానికో కొలత కావాలి కదా. మన ముగ్గుల పోటీల్లో చూడరూ!

మరి ఈ రూళ్ళన్నీ తెలిసిన మనిషికి సొంత బెంగలు ఉంటే ఏం చేస్తాడు? దీనికి జవాబు జాన్ నాకా దగ్గర దొరికింది. 1914లో అమెరికాలో కొలరాడోలో పుట్టాడు. ఎనిమిదేళ్ళప్పుడు కుటుంబం జపాన్ వెళ్ళిపోయింది. అక్కడ తాతగారి దగ్గర చెట్ల పని చూసి నేర్చుకున్నాడు. తర్వాత తిరిగి అమెరికా వచ్చి లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడ్డాడు. ఆయన రాసిన రెండు పుస్తకాలు అమెరికాలో బోన్సాయ్ వాళ్ళకి పెద్దబాలశిక్ష లాంటివి. కొమ్మ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు, అన్నీ బొమ్మలు గీసి మరీ చెప్పాడు. అదే మనిషి శిష్యులకి మాత్రం, మీ చెట్టుని బోన్సాయ్‌లా చెయ్యకండి, మీ బోన్సాయ్‌ని చెట్టులా చెయ్యండి అనేవాడట.

ఆయన చేసినవాటిలో అందరికీ తెలిసింది 'గోషిన్'. ఆత్మని కాపాడేది అని అర్థం. జూనిపర్ చెట్ల చిన్న తోపు. జపాన్‌లో పెద్ద పెద్ద చెట్ల మధ్య ఉండే ఒక కోవెల తోపుని తలుచుకుని చేశాడు. మొదటి రెండు చెట్ల మీద పని 1948లోనే మొదలుపెట్టాడు. తోపుగా కలిపాక ఏడు చెట్లయ్యాయి, ఎందుకంటే అప్పటికి ఆయనకి ఏడుగురు మనవలు. తర్వాత ఇంకో నలుగురు పుట్టారు. చెట్లు పదకొండయ్యాయి! తాతగారి దగ్గర నేర్చుకున్న విద్యని తనే తాత అయ్యాక మనవల లెక్కకి నాటాడు. ఏడూ, పదకొండూ రెండూ బేసి సంఖ్యలే, రూలు తప్పలేదు. ఎనిమిదో మనవడో మనవరాలో పుట్టినప్పుడు ఆయన ఏమనుకుని ఉంటాడా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఇంకొక్కరు పుట్టేదాకా ఆగాడా, లేక రూలు పక్కనపెట్టి ఎనిమిదోది నాటేవాడా? 1984లో ఆ తోపుని వాషింగ్టన్‌లో జాతీయ బోన్సాయ్ మ్యూజియానికి ఇచ్చేశాడు. 2004లో ఆయన పోయాడు. తోపు అక్కడే ఉంది.

ఆ మ్యూజియంలోనే ఇంకో చెట్టు ఉంది. దాని గురించి చదివిన రోజు నేను వంట ఆలస్యం చేశాను. తెల్ల దేవదారు, 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. హిరోషిమాలో యమాకి అనే కుటుంబం తరతరాలుగా పెంచింది. 1945 ఆగస్టు 6న బాంబు పడిన చోటికి వాళ్ళ ఇల్లు సుమారు మూడు కిలోమీటర్లు. కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోవాళ్ళకి గాజు ముక్కలు గుచ్చుకున్నాయి, ప్రాణాలకేమీ కాలేదు. బయట ఎత్తైన గోడ చాటున ఉండటంతో చెట్టు కూడా బతికింది. 1976లో అమెరికా రెండువందల ఏళ్ళ పండగకి జపాన్ 53 బోన్సాయ్‌లు కానుకగా పంపింది. మసారు యమాకి ఈ చెట్టుని ఇచ్చాడు. ఏ దేశం తన ఊరి మీద బాంబు వేసిందో ఆ దేశానికి! ఇచ్చేటప్పుడు ఆ సంగతి ఎత్తలేదు. పాతికేళ్ళు అక్కడ ఎవరికీ తెలియలేదు. 2001లో ఆయన మనవలిద్దరు తాతగారి చెట్టు చూసుకోవడానికి వచ్చి చెప్తే అప్పుడు తెలిసింది.

ఫొటోలు వెతికి చూడండి. లావు కాండం, పైన గుబురుగా గొడుగు. దాన్ని చూస్తూ మొదటి కొమ్మ మూడో వంతు దగ్గరుందా లేదా అని కొలిచే ధైర్యం నాకైతే లేదు. కానీ ఒకటి గమనించాను. 1625 నుంచి ఎవరో ఒకరు, యుద్ధమైనా పెళ్ళైనా చావైనా, దానికి నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఇంత తక్కువ మట్టిలో ఉన్న చెట్టుకి ఎండాకాలం ఒక్కరోజు మరిచిపోతే చాలు, నాలుగువందల ఏళ్ళూ పోతాయి. శైలి రూళ్ళలో మినహాయింపులున్నాయి, ఈ రూలుకి లేవు.

ఇంతకీ ఆడవాళ్ళేరీ అని మీరు అడగొచ్చు. నేనూ వెతికాను. జపాన్‌లో పూలు అమర్చడం ఆడవాళ్ళకి, చెట్లు మగవాళ్ళకి అన్నట్టు చాలాకాలం నడిచింది. కానీ అమెరికాలో కియోకో హతనాకా అనే ఆవిడ 1946లో ఒక సిల్వర్‌బెర్రీ మొక్కతో మొదలుపెట్టి బోన్సాయ్ చేసింది. అది ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ బోన్సాయ్ మ్యూజియంలో ఉంది. 2020 ఫిబ్రవరిలో దాన్నీ, ఇంకో నల్ల దేవదారునీ ఎవరో ఎత్తుకుపోయారు. ఆ రెండోది, యుద్ధకాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లని శిబిరాల్లో పెట్టినప్పుడు జుజబురో ఫురుజావా అనే ఆయన శిబిరంలో రేకు డబ్బాలో విత్తనం వేసి పెంచినది. రోజూ చూడకపోతే చచ్చిపోతాయి, దయచేసి తెచ్చెయ్యండని మ్యూజియం వాళ్ళు బతిమాలుకున్నారు. రెండురోజులకి ఎవరో రెండు చెట్లనీ దారిలో వదిలేసి పోయారు. ఇప్పుడు ఒమియాలో కవోరి యమాడా అనే ఆవిడ తన కుటుంబపు పాత తోటకి ఐదో తరం యజమానురాలు. చెట్టు పక్కన గడ్డీ పూలూ కూడా కలిపి నాటే చిన్న బోన్సాయ్‌లు క్లాసుల్లో నేర్పిస్తుంది. రూళ్ళ పుస్తకం పట్టుకుని చూస్తే అవి బోన్సాయ్‌లేనా అని అనేవాళ్ళు ఉంటారు. ఉండనీండి.

మళ్ళీ నా కొమ్మ దగ్గరికి. చివరికి సిగ్గు విడిచి ఆ మాస్టారికి ఫోన్ చేసి, "లోపలివైపు కొమ్మ ఉంటే ఏమవుతుందండీ?" అని అడిగాను. క్లాసులో అడగాల్సిన ప్రశ్న అది. ఆయన ఓపిగ్గా చెప్పారు. అదే చోట బయటివైపు కూడా కొమ్మ ఉంది కాబట్టి, ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడ కాండం బుడిపెలా ఉబ్బుతుందిట. కింద సన్నగా, మధ్యలో లావుగా తయారవుతుంది, తర్వాత సరిచెయ్యడం కష్టం. అంటే ఊరికే అనలేదు ఆయన. అప్పుడాయనకి ఆ కొమ్మ సంగతీ, తెనాలి గోడ సంగతీ చెప్పాను. కాసేపు ఆగి, "అంటు కట్టండమ్మా, రావికి బాగా పడుతుంది" అన్నారు.

జూన్‌లో తొలకరి పడ్డాక కొమ్మ మొదట్లో అంగుళం మేర చుట్టూ బెరడు తీశాను. పాలు కారుతుంటే చూడలేక తుడుస్తూ కూర్చున్నాను. తడి నాచు చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రెండు కొసలూ బిగించి కట్టాను. మావారు చూసి "దీనికి కట్టు కట్టావేమిటి, పడిందా?" అన్నారు. ఆరువారాలకి కాగితంలోంచి తెల్లగా వేళ్ళు కనిపించాయి. అప్పుడు కోశాను. చెయ్యి వణికిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

కొమ్మ తీశాక మా రావి నిజంగానే బాగుంది. వంపు స్పష్టంగా తెలుస్తోంది. కోసిన చోట మాత్రం పొద్దున్న నీళ్ళు పోసేటప్పుడు ఓసారి వేలుపెట్టి చూస్తుంటాను.

ఆ కొమ్మని చిన్న మట్టి కుండీలో నాటి, వరలక్ష్మీ వ్రతానికి తమ్ముడూ మరదలూ వచ్చినప్పుడు ఇచ్చి పంపాను. బెంగళూరు దాకా ఒళ్ళో పెట్టుకునే తీసుకెళ్ళాడట. ఎటువైపు ముందో తెలియడానికి కుండీకి చాక్‌పీసుతో గీత కూడా పెట్టాను. నిన్న వీడియో కాల్‌లో చూపించాడు. నాలుగు కొత్త ఆకులు వేసింది. గీత గోడ వైపు ఉంది. ఎందుకలా పెట్టావని అడిగితే, "ఇలా పెడితే మన పిట్టగోడ మీద ఉన్నట్టే ఉంది అక్కా" అన్నాడు. తిప్పమని చెప్పలేదు. నీళ్ళు మాత్రం రోజూ పొయ్యమన్నాను.